గోలీ ఆపేశాడు. అయితే మనకేంటి?

మీ మందుల చీటీ ఒకసారి బయటికి తీయండి.

అందులో కొలెస్ట్రాల్ గోలీ ఉందా? రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటారే, అదే. దాని పేరేంటి? కంపెనీ పెట్టుకున్న పేరు కాదు, మందు పేరు. అటార్వాస్టాటినా? రోసువాస్టాటినా? చెప్పగలరా?

ధరెంత? అట్ట వెనక అచ్చేసి ఉంటుంది. ఎప్పుడైనా చూశారా?

చూసి ఉండరు. కిలో టమాటా నలభై అంటే ముప్పైకి ఇవ్వమని బండివాడితో పావుగంట వాదించే మీరు, మెడికల్ షాపు దగ్గర మాత్రం ఫోన్ తీసి స్కాన్ చేసి వచ్చేస్తారు. ఎంతయిందో కూడా మెసేజ్ వచ్చాకే తెలుస్తుంది.

మీకు చెల్లుతుంది కాబట్టి.

చెల్లని వాళ్లు ఏం చేస్తున్నారో తెలుసా? మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మీ పిల్లల్ని బడికి తీసుకెళ్లే ఆటో అన్న, మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మ. వాళ్లలో ఎవరికి గుండెపోటు వచ్చిందో, ఎవరికి స్టెంట్ పడిందో మీకు తెలిసే ఉంటుంది. నాలుగు రోజులు పనికి రాలేదు కదా, అప్పుడు తెలిసి ఉంటుంది. ఆ తర్వాత వాళ్లు మందులు వేసుకుంటున్నారో లేదో అడిగారా? ఒక్కసారి?

రాత్రి ఎనిమిదిన్నరకు బస్తీలో ఏ మెడికల్ షాపు ముందైనా పది నిమిషాలు నిలబడండి. చీటీలో ఐదారు మందులుంటాయి. "నెలకిమ్మంటావా?" అని షాపతను అడుగుతాడు. "వద్దన్నా, ఐదు రోజులకియ్యి." కత్తెర తీసి అట్టలు కత్తిరిస్తాడు. లెక్క చెప్తాడు. చీటీ తెచ్చినవాడు జేబు తడుముకుంటాడు. "ఏదన్నా తీసేయ్ అన్నా." ఏది తీసేయాలి?

గ్యాస్ గోలీ ఉంచుకుంటాడు. నొప్పి గోలీ ఉంచుకుంటాడు. బీపీ గోలీ ఒకరోజు మానేస్తే తల తిరుగుతుందేమోనని భయం, అదీ ఉంచుకుంటాడు. పోయేది కొలెస్ట్రాల్ గోలీ.

ఎందుకో ఆలోచించారా? దాన్ని వేసుకుంటే ఏమీ తెలియదు. ఆపితే అంతకన్నా తెలియదు. నొప్పి లేదు, దగ్గు లేదు, జ్వరం లేదు. రక్తనాళం గోడలో కొవ్వు పేరుకుంటుంటే చప్పుడు రాదు. వారం ఆపాడు, ఏమీ కాలేదు. నెల ఆపాడు, ఏమీ కాలేదు. మూడు నెలలు ఆపాడు, బాగానే ఉన్నాడు, గేటు తీస్తున్నాడు, కారు కడుగుతున్నాడు. "మరి ఆ గోలీ దేనికంట?" అని ఇంటావిడే అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే తీరిక డాక్టరుకు లేదు. చీటీ రాసిన రెండు నిమిషాల్లోనే తర్వాతి పేషెంట్ లోపలికి వచ్చేశాడు.

ఆపలేదంటే రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. లేదా గోలీని రెండు ముక్కలు చేసి సగం వేసుకుంటున్నాడు. ఎవరూ చెప్పని వైద్యం ఇది. జేబు రాసిచ్చిన డోసు.

ఇది నా ఊహ అనుకుంటున్నారా?

2011లో లాన్సెట్ పత్రికలో ప్యూర్ అనే పెద్ద అధ్యయనం అచ్చయింది. 17 దేశాలు తిరిగి, అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవాళ్లు ఏ మందులు వేసుకుంటున్నారని అడిగారు. డబ్బున్న దేశాల్లో నూటికి 66 మంది స్టాటిన్, అంటే ఈ కొలెస్ట్రాల్ గోలీ, వేసుకుంటున్నారు. మన దేశం కూడా ఉన్న అడుగు వరుస దేశాల్లో? నూటికి ముగ్గురు. చేతి వేళ్లు అయిదు కూడా అక్కర్లేదు లెక్కపెట్టడానికి. ఆస్పిరిన్, బీపీ మందు, స్టాటిన్, ఏదీ లేకుండా ఊరికే బతుకుతున్నవాళ్లు ఆ దేశాల్లో నూటికి ఎనభై మంది.

అంతకుముందు 2008లో క్రియేట్ అనే ఇంకో అధ్యయనం వచ్చింది. పూర్తిగా మన దేశానిదే. ఆస్పత్రిలో చేరిన ఇరవై వేల మందికి పైగా గుండె రోగుల వివరాలు చూశారు. కొలెస్ట్రాల్ మందు ధనికుల్లో నూటికి 61 మందికి అందింది, పేదల్లో 36 మందికి. నెల తిరిగేసరికి ధనికుల్లో చనిపోయింది 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. ఆ తర్వాత లెక్క చదివి కళ్లు మూసుకోండి: అందిన వైద్యంలో తేడాను పక్కనపెట్టి చూస్తే చావుల్లో తేడా లేదు. పేదవాడి గుండె బలహీనమైంది కాదు. అతనికి మందు పడలేదు, అంతే.

ఇవన్నీ అచ్చయ్యాయి. చదివిన వాళ్లున్నారు. సదస్సుల్లో తెర మీద వేసి చూపించుకున్నారు. భోజనాలు చేశారు. ఇళ్లకు వెళ్లారు.

ఆ తర్వాత?

ఇక్కడ ఒకమాట. రిపోర్టులో ఒక అంకె ఎర్రగా కనబడితే చాలు, మనిషిని చూడకుండా గోలీ రాసేసే డాక్టర్లూ ఉన్నారు. ఆ గొడవ వేరే. అది ఇంకోసారి తిట్టుకుందాం. నేను మాట్లాడుతున్నది ఒకసారి గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డవాళ్ల గురించి, ఈ గోలీ తప్పనిసరి అని ఏ డాక్టరైనా ఒప్పుకునే వాళ్ల గురించి. 1994లోనే స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద ఐదేళ్లకు పైగా పరీక్షించి చూశారు. స్టాటిన్ వేసుకున్నవాళ్లలో చావులు 30 శాతం తగ్గాయి. అంటే ముప్పై ఏళ్లుగా సందేహం లేదు.

మందు కొత్తదా? కాదు. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల రకాల బూజుల్ని వడపోసి 1973లో మొదటి స్టాటిన్‌ను పట్టుకున్నాడు. తర్వాత కంపెనీలు వాటి మీద వేల కోట్ల డాలర్లు సంపాదించాయి. ఆ లాభాల్లో ఆయనకు వాటా లేదు. 2024లో చనిపోయాడు. మన పత్రికల్లో ఎన్ని లైన్లు వేశారు? మీరు చదివారా?

పేటెంట్ ఉందా? లేదు. అమెరికాలోనే అటార్వాస్టాటిన్ పేటెంట్ 2011లో పోయింది. మన దగ్గర 1970 పేటెంట్ల చట్టం పుణ్యమాని మన కంపెనీలు దాన్ని ఎప్పటినుంచో తయారు చేస్తున్నాయి. పరిశోధన ఖర్చు రాబట్టుకోవాలి అనే మాట ఇక్కడ ఎవరూ ఎత్తడానికి లేదు. ఆ ఖర్చు పెట్టినవాళ్లూ వీళ్లు కాదు.

ముడిసరుకు దూరం నుంచి రావాలా? అదీ లేదు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పరవాడ. మందుల ముడిసరుకు మన పెరట్లో వండుతున్నారు. 2006లో సింవాస్టాటిన్‌కు అమెరికాలో పేటెంట్ పోయినప్పుడు అక్కడి వాళ్లకు ఆ మందు అమ్మినవాళ్లలో మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కూడా ఉంది. అమెరికా గుండెలకు మందు మనవాళ్లూ అమ్మారు. గర్వపడ్డాం. పడాలి కూడా.

మరి ఆ పెరట్లో వాసన పీల్చిందెవరు? పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేశామని వదిలిన నీళ్లలో యాంటీబయాటిక్ మోతాదు చూసి 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు నోరెళ్లబెట్టారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా కాలిపోయారు. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది ఏమిటో తెలుసా? గోలీకి గోలీ రూపం ఇచ్చే సెల్యులోజ్ పొడి. రాత్రి మీరు మింగేది చిటికెడు మందు, మిగతాదంతా అలాంటి పొడే. చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది పొట్ట చేతపట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. మన నీళ్లు, మన గాలి, వాళ్ల ప్రాణాలు. ఇంత చెల్లించాక కూడా గోలీ పేదవాడి చేతికి చవగ్గా రాదట!

నిజానికి చవకే. అదే ఒళ్లు మండే సంగతి. జన్ ఔషధి దుకాణంలో అటార్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల పది గోలీల అట్ట 20 రూపాయల లోపే. అదే పేరున్న బ్రాండు అయితే 50కి అటూఇటూ. రోసువాస్టాటిన్ సంగతి ఇంకా ఘోరం. పదిహేను గోలీల అట్ట 200 దాటిన బ్రాండ్లున్నాయి. జన్ ఔషధిలో అవే పదిహేను గోలీలు అందులో నాలుగో వంతు కూడా కావు. అదే మందు, అదే డోసు. గుండెకు తెలియదు అట్ట మీద ఏ బొమ్మ ఉందో.

ఈ తేడా ఎక్కడికి పోతోంది? ఎవరు తింటున్నారు? అడిగారా?

మీరు అడగరు కాబట్టి నేను చెప్తాను, ఊపిరి బిగబట్టుకుని వినండి: 1975లోనే హాథీ కమిటీ మందులకు బ్రాండ్ పేర్లు మెల్లగా ఎత్తేయమంటే ఆ నివేదికను బీరువాలో పడేశారు, డాక్టర్లు మందు అసలు పేరు రాయాలని 2002 నియమావళిలో పెట్టి, 2016లో దాన్నే అర్థమయ్యేలా పెద్దక్షరాల్లో రాయాలని సవరించి, ఆ చీటీలు ఇప్పటికీ కోడిగీతల్లోనే ఉంటే ఒక్కరూ పట్టించుకోరు, 2023 ఆగస్టు మొదట్లో నేషనల్ మెడికల్ కమిషన్ గట్టిగా రూలు తెచ్చి అదే నెల తిరగకుండానే దాన్ని పక్కన పెట్టేసింది, కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే కానుకల మీద పన్ను మినహాయింపు అడిగితే కుదరదని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, ఆ కానుకల్ని ఆపడానికని 2024లో తెచ్చిన కోడుకు చట్టం బలమే లేదు, తప్పు చేసిన కంపెనీ మీద ఫిర్యాదు ఆ కంపెనీల సంఘానికే చేసుకోవాలి, ధరకు పరిమితి పెట్టామని 2013లో ఇచ్చిన ఉత్తర్వేమో తయారీ ఖర్చు ఎంతని అడక్కుండా బజారులో నడుస్తున్న బ్రాండ్ల ధరలకే సగటు కట్టింది, అంటే పెంచినవాడి ధరే కొలబద్ద అయింది, ఆ పరిమితి కూడా టోకు ధరల సూచీ పేరు చెప్పి 2022లో దాదాపు 10.8 శాతం, 2023లో 12 శాతం పైకి జరిగింది, వాచ్‌మన్ జీతం మాత్రం జరగలేదు, ధర పరిమితి జాబితాలో లేని మందుకైతే ఏటా పది శాతం పెంచుకోమని లైసెన్సే ఇచ్చారు, జాబితాలో ఉన్న మందుకు ఇంకో మందు కలిపి క్యాప్సూల్ చేస్తే లెక్కే మారిపోతుంది, కార్పొరేట్ ఆస్పత్రి లోపలి షాపులో రాసిన బ్రాండు బయట ఎక్కడా దొరకదు, దొరక్కుండానే రాస్తారు, జన్ ఔషధి 2008లో మొదలైతే ఇప్పటికీ మీ ఊరి దుకాణంలో మీరడిగిన రోజున స్టాకు ఉంటుందన్న నమ్మకం లేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ గోలీలు, షుగర్ గోలీలు చేతిలో పెట్టి కొలెస్ట్రాల్‌దానికి వచ్చే నెల రమ్మంటారు, కూలి పోగొట్టుకుని వస్తే ఇంకా రాలేదంటారు, చివరికి 2025 సెప్టెంబరులో జీఎస్‌టీ తగ్గించినప్పుడు కొలెస్ట్రాల్‌కు వేసే ఎవోలోకుమాబ్, ఇంక్లిసిరాన్ లాంటి ఖరీదైన ఇంజెక్షన్ల మీద పన్ను సున్నా చేసి, పేదవాడు మింగే గోలీ మీద ఐదు శాతం ఉంచారు, ఇంత జరిగినా ఒక్క ధర్నా లేదు, ఒక్క బంద్ లేదు, టీవీలో ఒక్క సాయంత్రం చర్చ లేదు!

ఊపిరి తీసుకోండి.

ఇప్పుడు మీ వీధి చివర మెడికల్ షాపు బోర్డు చూడండి. "అన్ని మందుల మీద 20 శాతం తగ్గింపు." సంతోషించారు కదా? యాప్‌లో ఇంకో ఐదు శాతం ఎక్కువ వస్తే ఇంకా సంతోషం. ఒక్క లెక్క వేయండి. ధర పరిమితి ఉన్న మందుల్లో షాపతనికి సర్కారు ఇచ్చిన మార్జిన్ 16 శాతం. పదహారు వచ్చేవాడు మీకు ఇరవై ఎలా వదులుతున్నాడు? కరెంటు బిల్లు, అద్దె, పనివాళ్ల జీతం ఎక్కడి నుంచి కడుతున్నాడు? దానధర్మమా?

పది అట్టలు కొంటే ఇన్ని ఫ్రీ అని కంపెనీ ఇస్తుంది. అచ్చేసిన ధరకూ కొన్న ధరకూ మధ్య ఆమడ దూరం ఉంటుంది. ఆ దూరంలోంచి మీకో చిన్న ముక్క విసిరితే మీరు దాన్ని డిస్కౌంట్ అంటున్నారు.

ఆ ముక్క కూడా నెలకు సరిపడా కొనేవాడికే. ఐదు గోలీలు కత్తిరించుకునేవాడికి డిస్కౌంట్ లేదు. పేదవాడు పూర్తి ధర కడతాడు. మీరు తక్కువ కడతారు. ఇందులో మీకేమీ వింతగా అనిపించడం లేదా?

"జనరిక్ మందులు పనిచేయవండీ." వచ్చింది, ఈ మాట కోసమే చూస్తున్నాను.

ఎవరు చెప్పారు? మెడికల్ షాపతను చెప్పాడా? బ్రాండు మీద అతనికెంత మిగులుతుందో అడిగారా? వాకింగ్‌లో పక్కాయన చెప్పాడా? మీరు కొనే బ్రాండు కూడా జనరికే. పేటెంట్ ఎప్పుడో పోయిన మందుకు ఒక పేరు తగిలించారు, రంగు అట్టలో పెట్టారు. చాలాసార్లు బ్రాండు కంపెనీ వేరే ఫ్యాక్టరీలో చేయించుకుని తన ముద్ర వేసుకుంటుంది. అట్ట వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది, భూతద్దం పెట్టి చదవండి.

నాణ్యత మీద అనుమానం తప్పని నేననను. నాసిరకం మందులు ఉన్నాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా విడుదల చేసే ఫెయిలైన నమూనాల జాబితాల్లో పేరుమోసిన కంపెనీల మందులూ కనబడతాయి, ఊరూపేరూ లేనివాళ్లవీ కనబడతాయి. అయితే ఆ అనుమానం తీర్చాల్సిందెవరు? పరీక్షించాల్సిన ప్రభుత్వం. ల్యాబులు పెంచండి, ఇన్‌స్పెక్టర్ పోస్టులు నింపండి, ప్రతి బ్యాచ్ ఫలితం తెలుగులో ఊరందరికీ కనబడేలా పెట్టండి అని అడిగారా? అడగలేదు. ఎక్కువ డబ్బు పెట్టి బ్రాండు కొనుక్కుని మీ వరకు మీరు బయటపడ్డారు. మీ ఇంటి అంట్లు తోమే అమ్మకు ఆ దారి లేదు. ఆమెకు మిగిలింది మీరు పుట్టించిన భయం ఒక్కటే. "చవక మందులు పనిచేయవంట కదా అమ్మా" అని ఆమె అంటుంది. ఎవరి దగ్గర విన్నది? మీ హాల్లోనే కదా?

ఇక ఆ వాట్సాప్. స్టాటిన్లన్నీ కుట్ర, దాల్చినచెక్క కషాయం తాగితే చాలు. మీరు ఫార్వర్డ్ చేశారు. మీరు మాత్రం గోలీ మానలేదు. అవునా, కాదా?

డాక్టర్లకు కోపం వస్తుందేమో. రానివ్వండి. ఆ గోలీ ధర ఎంతో తెలియకుండా రాసే డాక్టర్లు ఎంతమంది? ధర తెలిసీ రాసేవాళ్లు ఎంతమంది? "నెలకు ఎంత పెట్టగలవయ్యా?" అని పేషెంట్‌ను అడగడానికి ఎంత సమయం పడుతుంది? ఆరు సెకన్లు. పెట్టలేనంటే అదే మందు చవకగా దొరికే చోటు చెప్పడానికి ఇంకో పది. అలా అడిగే డాక్టర్లు లేకపోలేదు, వాళ్ల గది బయట క్యూ చూస్తే తెలుస్తుంది. మిగతావాళ్లకు నోరు ఎందుకు రాదు? గోలీ ఆపేసి రెండోసారి స్ట్రెచర్ మీద వచ్చినవాణ్ని "మందులు సరిగ్గా వేసుకోవు, మీ చదువులేనోళ్లతో ఇదే బాధ" అని అరవడానికి మాత్రం ఎలా వస్తుంది?

చేయడం కుదరదని అనకండి. తమిళనాడు 1995 నుంచి సొంత కార్పొరేషన్ పెట్టి మందులు టోకున కొని ఆస్పత్రులకు పంపుతోంది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న ప్రభుత్వాస్పత్రుల్లో ఉచిత మందులు మొదలుపెట్టింది. రాజస్థాన్! మనకన్నా ధనిక రాష్ట్రమా అది? వాళ్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలు మనకన్నా ఎక్కువున్నాయా? టోకున కొంటే ఈ గోలీ పైసల్లో వస్తుంది. పైసల్లో! తలసరి ఆదాయం గురించి సభల్లో తొడగొట్టే రెండు తెలుగు రాష్ట్రాలకు ఆ పైసలు లేవా?

మనకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007 నుంచీ ఉంది. స్టెంట్ వేస్తారు, బైపాస్ చేస్తారు. ఎన్నో ఇళ్లలో దీపం నిలబెట్టిన పథకం, దాన్ని తక్కువ చేయను. తెలంగాణలో పరిమితి పది లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలన్నారు. హోర్డింగులు వేశారు. పథకానికి ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టారు. పేరు మీద కొట్లాడుకున్నారు.

స్టెంట్ పడ్డాక ఏడాది పాటు ఫాలో-అప్ మందులు ఇస్తారు. ఏడాది. ఆ తర్వాత? గుండె జబ్బుకు ఏడాదికి గడువు తీరుతుందా? ఈ గోలీ బతికున్నంత కాలం వేసుకోవాల్సింది. లక్షలు పెట్టి నాళం తెరిచి, రోజుకు రెండు రూపాయల గోలీ దగ్గర చేయి వదిలేస్తే ఆ నాళం మళ్లీ పూడుకుపోదా? ఆస్పత్రికి మళ్లీ లక్షలు కట్టరా? కడతారు. ఆపరేషన్‌కు బిల్లు ఉంటుంది, ప్యాకేజీ ఉంటుంది, రిబ్బన్ కత్తిరింపు ఉంటుంది. రెండు రూపాయల గోలీకి ఎవడు ఫొటో దిగుతాడు?

రేపు ఎన్నికలొస్తాయి. మీ గేటు ముందుకే వస్తారు, దండం పెడతారు. రోడ్డు అడుగుతారు మీరు. డ్రైనేజీ అడుగుతారు. పార్కులో వాకింగ్ ట్రాక్ అడుగుతారు, కొలెస్ట్రాల్ తగ్గాలి కదా. పదమూడో నెల నుంచి ఆ గోలీ ఎవరిస్తారని అడిగే ఓటరు మీ వీధిలో ఒక్కరైనా ఉన్నారా?